పెట్టే చెయ్యి

వేములగరువు ప్రెసిడెంటు అంకారావు గారు భిక్షువును భోజనానికి పిలిచి, ఇంటికి తాళం వేసుకుని, పెళ్లాం పిల్లలతో తుళ్లూరులో బారసాలకి వెళ్లిపోయాడు. ఇందులో ఆయన తప్పు పిసరంత కూడా లేదు. ముందురోజు సాయంత్రం నలుగురి ఎదటా చేతులు జోడించి, "రేపు మా ఇంట భోంచెయ్యాలి స్వామీ" అని మర్యాదగానే పిలిచాడు. భిక్షువు ఆయన మొహంకేసి ప్రశాంతంగా చూసి ఊరుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు. అంకారావు గారు అరనిమిషం అలాగే నిలబడి, గొంతు సవరించుకుని ఇంటికి పోయి, "మన ఇల్లు ఆయనకి ఆనినట్టు లేదు. ఏమీ వండమాకండి, బారసాలకి పోదాం" అన్నాడు.

మర్నాడు పదిన్నరకి భిక్షువు పాత్ర పట్టుకుని ఆ తాళం ముందు నిలబడ్డాడు.

మన వైపు భోజనానికి పిలవడానికి ఒక పద్ధతుంది. పిలిచేవాడు పిలవాలి, వచ్చేవాడు "ఎందుకండీ శ్రమ" అనాలి. మళ్లీ పిలవాలి, "ఇప్పుడే తిన్నానండీ" అనాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే గాని విస్తరి ముందు కూర్చోకూడదు. మౌనం అర్ధాంగీకారం అనే మాట పెళ్లిచూపుల్లో విన్నామే గాని భోజనాల దగ్గర ఎవడూ వాడినట్టు లేదు. వాళ్ల మతంలో మాత్రం బుద్ధుడి నాటినుంచీ అదే లెక్కట. భిక్షువు నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే. ఈ సంగతి ఊరికి చెప్పాల్సినవాడు రోశయ్య, ఎందుకంటే భిక్షువును ఊళ్లోకి తెచ్చింది అతనే. అంకారావు గారు పిలిచినప్పుడు రోశయ్య అక్కడే ఉన్నాడు. కళ్లు మూసుకుని ధ్యానం చేస్తున్నాడు.

ఎదురింటి అరుగు మీద రోశయ్య భార్య మల్లేశ్వరి మిరప గింజలు చెరుగుతోంది. ఆయన పిలుస్తాడేమో, తలుపు కొడతాడేమో అని చూసింది. పిలవలేదు, కొట్టలేదు. ఆషాఢమాసపు ఎండ గుండు మీద పడుతుంటే పాత్రకేసి చూస్తూ నిలబడ్డాడు. పావుగంట గడిచింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఈయన అడిగేటట్టు లేడు.

"ఖర్మ" అని మల్లేశ్వరి చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. గోంగూర పప్పు, అన్నం, మజ్జిగ తెచ్చి పాత్రలో పెట్టింది. అలా మొదలైంది. ఆమె మొదలుపెట్టాలని మొదలుపెట్టింది కాదు.

ఆ మధ్యాహ్నం మొగుణ్ని కూర్చోబెట్టి అడిగింది.

"ఆయన వండుకోకూడదా?"

"కూడదు."

"పొద్దున పెట్టింది రాత్రికి దాచుకుంటే?"

"రాత్రి తినేదే లేదు. పొద్దు నడినెత్తికి రాకముందే తినాలి."

"చెట్టుకి జామకాయ ఉందనుకోండి?"

"మనం కోసి చేతికి అందిస్తే తినొచ్చు. తను కొయ్యకూడదు."

"ఫలానాది కావాలని అడగొచ్చుగా?"

"అసలు అడక్కూడదు."

"డబ్బులిస్తే కొనుక్కుంటాడా?"

"డబ్బు ముట్టకూడదు."

"మరి ఆయన చెయ్యదగ్గ పనేంటి?"

"ధ్యానం. బోధ. మిగతాదంతా ఉపాసకులు చూసుకోవాలి" అన్నాడు రోశయ్య. "అంటే ఇంటిపట్టున ఉండి బుద్ధుణ్ని నమ్ముకున్నవాళ్లు. నేనూ ఉపాసకుణ్నే."

"అయితే రేపు పొద్దున అన్నం మీరు వండుతారా?"

రోశయ్య ఈ ప్రశ్నకి ధర్మంతో సంబంధం లేదనుకున్నాడు. లేచి ధ్యానానికి వెళ్లిపోయాడు.

అది పంధొమ్మిదివందల యాభై ఆరు. బుద్ధుడు నిర్యాణం చెంది రెండువేల అయిదువందల ఏళ్లయిందని ఊరూరా ఉత్సవాలు జరిగిన ఏడు. వైశాఖ పున్నమికి అమరావతిలో జనం బాగా వస్తారని విని రోశయ్య బండి కట్టుకుని చూడ్డానికి వెళ్లాడు. తిరనాళ్లకి పోయినవాడెవడైనా జీళ్లు తెస్తాడు. రోశయ్య శోభిత భిక్షువు అనే ఆయనతో స్నేహం తెచ్చుకున్నాడు. వారానికి రెండుసార్లు అమరావతి పోయి పోయి, ఆషాఢ పున్నమికి ఆయన్ని ఏకంగా బండెక్కించుకుని వచ్చాడు. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు తిరక్కూడదట, ఒక్కచోటే ఉండాలట. చోటు అంకారావు గారి పొగాకు బ్యారన్. పొగాకు కాల్చడానికి కట్టిన ఎత్తయిన మట్టిగోడల కొట్టం అది. పొగాకు సంక్రాంతి ముందు గాని రాదు గనక అప్పటిదాకా అందులో ఎలుకలు తప్ప ఎవరూ ఉండరు. చుట్ట ముట్టని మనిషి మూడు నెలలు పొగాకు వాసనలో ధ్యానం చేశాడు. అదీ ఆయన అడిగింది కాదు.

మొగుడికి బుద్ధుడు పట్టాడని మల్లేశ్వరి మొదట్లో కంగారు పడలేదు. ఆమె కాపురానికొచ్చి ఇరవై రెండేళ్లు. ఏడాదికొకటి పట్టడం, విడవడం చూస్తూనే ఉంది. కిందటేడు హోమియోపతి. పెట్టె కొని మనుషులకి చాలక ఊళ్లో గేదెలకి కూడా పంచదార గుళికలు వేశాడు. అంతకు ముందేడు తేనెటీగలు. వాటి సంగతి ఇప్పటికీ ఇరుగుపొరుగు మరిచిపోలేదు. రోశయ్య ఆరంభశూరుడు, మొదలుపెట్టిన ఏ పనీ వానలు వెలిసేదాకా నిలవదు అని ఆమె ధైర్యం.

శ్రావణం రెండోవారంలో రోశయ్య రాత్రి అన్నం మానేశాడు. అప్పుడు ఆమె కంగారు పడింది.

రోశయ్య రాత్రి అన్నమంటే ఏమిటో ఆ వీధికంతటికీ తెలుసు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూనే, "ఏమేవ్! అన్నం పెట్టు!" అని పెట్టే కేక నాలుగిళ్ల అవతల పసిపిల్లల్ని లేపేది. ఉప్పు ఎక్కువైతే ఒక కేక, తక్కువైతే ఇంకో కేక. సరిపోయిన రోజున పెరుగు పులిసిందని. అలాంటి మనిషి పీట గోడకి ఆనించేసి, "నేను భిక్షువునవుతాను. వానలు వెలిశాక ఆయనతో పోతాను" అన్నాడు. మెల్లగా అన్నాడు. అరిచి చెప్పినా ఇంత భయం వేసేది కాదు.

కూతుర్ని నల్లపాడు ఇచ్చారు. అత్తమామలు లేరు. రెండెకరాల మిరప, రెండెకరాల పత్తి, ఒక గేదె, ఈ మనిషి. ఆమెకి ఉన్నది అంతే.

మర్నాడు పొద్దున్నే బ్యారన్‌కి వెళ్లి భిక్షువును నిలదీసింది. "మా ఆయన్ని సన్యాసిని చేస్తారా స్వామీ?"

"నేనొక్కణ్నీ చెయ్యలేను తల్లీ. పదిమంది భిక్షువులు కూర్చోవాలి. సారనాథ్ తీసుకెళ్లాలి" అన్నాడాయన. "ముందు ఈ వానాకాలం నా వెనక నడవమన్నాను. తెల్లబట్ట కట్టి, బ్యారన్‌లో పడుకుని, పాత్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. అడక్కూడదు. తల ఎత్తకూడదు. కాడి పొడుగంత దూరం మించి చూడకూడదు. నిలబడగలిగితే అప్పుడు చూద్దాం."

"మా ఇంటికి కూడా వస్తాడా?"

"వరసలో ఏ ఇల్లొస్తే ఆ ఇల్లు."

అలా రోశయ్య తన గుమ్మం ముందు తనే ముష్టికి నిలబడ్డాడు. మొదటిరోజు మల్లేశ్వరి గిన్నె పట్టుకుని వచ్చి, తల వంచుకుని నిలబడ్డ మొగుణ్ని చూసి కావాలనే ఆగింది. మనిషి కదల్లేదు. ఇంకాస్త ఆగింది. కేక లేదు. పప్పులో ఆరోజు ఉప్పు వెయ్యడం మరిచిపోయానని ఆమెకి తెలుసు. "ఉప్పు సరిపోయిందాండీ?" అని కూడా అడిగింది. రోశయ్య గొంతులో ఏదో కదిలింది గాని బయటికి రాలేదు. ఇరవై రెండేళ్లలో ఇంత సుఖం ఆమె ఎరగదు. ఆ సుఖం గడప దాటి లోపలికి వెళ్లేదాకా ఉంది. లోపల గోడకి ఆనించిన పీట కనపడగానే పోయింది.

ఈ పీడ విరగడ కావాలంటే ముందు భిక్షువు పోవాలనుకుంది. పోవాలంటే ఆయనకి తిండి సయించకూడదు. ఆయన రంగూన్ నుంచి వచ్చాడని రోశయ్య చెప్పాడు. రంగూన్ వాళ్లు చప్పిడి తింటారని ఎవరో అన్నారు. మల్లేశ్వరి అటక మీంచి కొరివికారం జాడీ దించింది. పండుమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరిన పచ్చడి అది. ఆమె చేతి కొరివికారం తిని ఒకసారి గుంటూరు మార్కెట్‌యార్డు గుమస్తా ఒకడు రెండురోజులు సెలవు పెట్టాడు. ముద్దెడు తీసి అన్నంలో పెట్టి, నూనె చుక్క కూడా వెయ్యకుండా పాత్రలో పడేసింది.

ఆరోజు దారిలో జోరున వాన పట్టుకుంటే భిక్షువు వాళ్ల అరుగు మీదే కూర్చుని తిన్నాడు. మల్లేశ్వరి తలుపు చాటునుంచి చూసింది. తింటున్నాడు, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. మెతుకు వదల్లేదు. మల్లేశ్వరికి జాలేసింది. పాపం చేశానా అని కూడా అనుకుంది. మజ్జిగ తెచ్చి ఇచ్చి, "ఘాటుగా ఉందా స్వామీ?" అంది.

ఆయన మొహం తుడుచుకున్నాడు. "మాది వేటపాలెం అమ్మా" అన్నాడు.

చీరాల పక్కన వేటపాలెం. సాలెవాళ్ల పిల్లాడు. పద్దెనిమిదో ఏట రంగూన్ ఓడెక్కి బియ్యం మిల్లులో మూటలు మోసి, అక్కడే కాషాయం కట్టాడు. ఇరవై ఏళ్ల తరువాత తిరిగొచ్చాడు. ఈ ఇరవై ఏళ్లలో కొరివికారం నాలిక్కి తగలడం అదే మొదటిసారి. అడక్కూడదు గనక ఎక్కడా అడగలేదు.

మల్లేశ్వరి ఎత్తు అలా పారింది. ఆ తరువాత జాడీ అటకెక్కలేదు.

ఇక ఊరి సంగతి. మొదటి వారం పాత్ర నిండి పొర్లేది. పులిహోర, గారెలు, అరిసెలు. కొత్త కదా. రెండో వారానికి గారెలు పోయాయి. అయిదో వారంలో, వరసలో వచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లాలన్న నియమం ప్రకారం, శోభిత భిక్షువు ఊరి చివర ఆగకుండా పల్లెలోకి నడిచాడు. వెనకాల రోశయ్య. పల్లెలో ఉన్నవాళ్లంతా కూలికి పోయేవాళ్లు, ఆదివారం లూథరన్ గుడికి పోయేవాళ్లు. ఊళ్లోవాళ్లు వాళ్లచేత పొలం పని చేయించుకుంటారు గాని వాళ్లింట మంచినీళ్లు ముట్టరు. అక్కడ మొదటి ఇల్లు ఎలీసమ్మది. ఆమె రెండు పాత్రల్లోనూ జొన్నసంకటి పెట్టింది.

అంకారావు గారు ఆ సాయంత్రమే బ్యారన్ దగ్గరికి వచ్చి రోశయ్యని పట్టుకున్నాడు. "ఏరా రోశయ్యా, బుద్ధి ఉందా? పల్లె సంకటి మీద నా ఇంటి అన్నం పడాలా?"

రోశయ్య తల వంచుకుని ఊరుకున్నాడు. అది ఒప్పుకున్నట్టో కాదో తెలియక అంకారావు గారు వెళ్లిపోయాడు. మర్నాటినుంచి ఆయన గుమ్మం మూసుకుంది. ఆయన గుమ్మం చూసి మిగతా గుమ్మాలు.

మల్లేశ్వరికి మాత్రం ఒంటిమీద జెర్రి పాకినట్టు అవలేదా అంటే, అయింది. లేదంటే అబద్ధం. ఆ రాత్రి వియ్యంకులు వింటే ఏమంటారో అనుకుంది, కులం పెద్దలు ఏమంటారో అనుకుంది. పొద్దున లేచేసరికి గుమ్మం ముందు ఇద్దరూ తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. వీధిలో ఇంకో తలుపు తెరుచుకునేటట్టు లేదు. గిన్నె తెచ్చింది.

అప్పట్నుంచి ఆ ఇద్దరికీ తిండి పెట్టింది ఇద్దరే. భిక్షువు ఎప్పుడు పోతాడా అని వేలు మడిచి లెక్కపెట్టుకునే మనిషి ఒకరు, ఆదివారం ఆదివారం యేసు ప్రభువు పాటలు పాడుకునే మనిషి ఒకరు. ఉపాసకులని చెప్పుకున్న ముప్పై ఇళ్లవాళ్లు అరుగుల మీద కూర్చుని బుద్ధుడి గొప్పతనం మాట్లాడుకున్నారు.

ఎలీసమ్మ మల్లేశ్వరి పొలంలోకే కలుపుకి వచ్చేది. ఒకరోజు ఇద్దరూ గోంగూరే వండారని తేలింది.

"ఇట్లా అయితే ఎట్టా ఎలీసమ్మా? రేపు నువ్వేం చేస్తున్నావో చెప్పు. నేను ఇంకోటి చేస్తా" అంది మల్లేశ్వరి.

"చింతచిగురు పప్పు చేస్తానమ్మా."

"అయితే నేను పచ్చడి చేస్తా. నీకు మాత్రం ఎందుకే ఈ గోల? మీ దేవుడు వేరేగా?"

"ఆకలైనోడికి పెట్టమన్నాడు మా ప్రభువు. ఏ మతపోడో అడిగి పెట్టమన్లా" అంది ఎలీసమ్మ, కలుపు లాగుతూనే.

మర్నాడు ఆ చింతచిగురు పప్పు మల్లేశ్వరి గట్టు మీద కూర్చుని రుచి చూసింది. బాగుంది. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

భాద్రపదంలో మిరప మొక్క నాటారు. రోశయ్య లేని పొలం ఏమైపోతుందోనని ఆమె బెంగపెట్టుకుంది. ఏమీ కాలేదు. గట్టు మీద నిలబడి కూలీల మీద అరిచే మనిషి లేకపోవడంతో నాట్లు రెండురోజులు ముందే అయిపోయాయి. పత్తి గింజ కూడా వేళకి పడింది. ఇల్లు నిశ్శబ్దంగా, పని సజావుగా, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా నడిచింది. ఊళ్లో ఏ ఆడదాన్ని అడిగినా ఇంతకంటే ఏం కావాలే అంటుంది. దీపాలవేళ కంచంలో అన్నం పెట్టుకుని కూర్చునేసరికి, వీధి గుమ్మంలో కాళ్లు కడుక్కునే చప్పుడు లేదు, "ఏమేవ్" లేదు. మల్లేశ్వరి కంచం ముందు కూర్చుని ఏడ్చింది. "సిగ్గులేదే నీకు, అరిచే మొగుడి కోసం ఏడుస్తున్నావు" అని తనని తనే తిట్టుకుని మళ్లీ ఏడ్చింది.

ఒకరోజు పాత్రలో అన్నం పెడుతూ భిక్షువును అడిగింది. "అమరావతి రాళ్ల మీద ఏవో రాతలున్నాయంట కదా. ఏం రాశారు స్వామీ?"

"ఎవరే రాయి ఇచ్చారో రాశారమ్మా. ఫలానా గృహస్థుడి ఇల్లాలు, కొడుకులతో, కూతుళ్లతో కలిసి ఇచ్చిన రాయి అని ఒకచోట ఉంది. అలాంటివి చాలా ఉన్నాయి."

"సన్యాసులేం ఇవ్వలా?"

"కొందరు వాళ్లూ ఇచ్చారు. వాళ్లకి ఎవరు పెట్టారో రాయలేదు."

మల్లేశ్వరి గరిటె గిన్నెకేసి తట్టి, అసలు అడగదలుచుకున్నది అడిగింది. "పున్నమికి మా ఆయన్ని తీసుకుపోతారా?"

రోశయ్య నాలుగడుగుల వెనక తల వంచుకుని నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. భిక్షువు చెప్పాడు. "నిలబడ్డాడు తల్లీ. ఇన్నాళ్లు నిలబడతాడని నేనూ అనుకోలేదు. ఇక కావాల్సింది పాత్ర, చీవరానికి, అంటే ఈ కాషాయానికి, బట్ట. పాత్ర ఉంది. బట్ట గృహస్థుల చేతిమీదుగా రావాలి. అది లేకపోతే సన్యాసం లేదు. వానలు వెలిసిన పున్నమికి ఉపాసకులు బట్టలిస్తారు."

"ఊళ్లో మాకు తప్ప ఎవరికి పట్టింది? నేను తేకపోతే?"

"రాదు."

"మీరు అడగరా?"

"అడక్కూడదు."

"ఆయన?"

"అడక్కూడదు."

"మరి నాకెందుకు చెప్పారు?"

"మీరు అడిగారు గనక."

ఆ మధ్యాహ్నం పొలంలో ఎలీసమ్మతో చెప్పింది. ఎలీసమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తేమాకండమ్మా. బట్ట లేకపోతే ఆయన ఇంటికొస్తాడు. దీనికింత ఆలోచనేంది?"

నిజమే, చాలా సులువు. మల్లేశ్వరి మూడురోజులు ఆ సులువు గురించే ఆలోచించింది. పెళ్లయిన కొత్తలో రోశయ్య నాటకాల కంపెనీలో చేరతానంటే ఆమె ఏడ్చి ఆపింది. ఇప్పటికీ పప్పులో ఉప్పు తగ్గిన రోజున, "నువ్వు ఆపకపోతే ఈపాటికి నేను" అని మొదలుపెడతాడు. ఇరవై ఏళ్లుగా వింటోంది. ఇప్పుడు సన్యాసం కూడా ఆపితే, ఇంకో ముప్పై ఏళ్లు బుద్ధుడి గురించి కూడా వినాలి. పైకి ఆమె చెప్పుకున్న కారణం అదే. లోపలిది వేరు. బట్ట దొరక్క ఇంటికొచ్చినవాడు ఇంటికొచ్చినట్టు కాదు. తను కావాలని వస్తే రావాలి, లేకపోతే పోవాలి.

మంగళగిరి బట్టల మూట సైకిలు మీద కట్టుకుని గౌస్ బాషా వారంవారం ఊళ్లోకి వచ్చేవాడు. అతని దగ్గర రెండు తెల్లతానులు తీసుకుంది. రెంటికీ ఒకే కొలత. కాషాయం రంగు వాళ్లే అద్దుకుంటారు.

ఆశ్వయుజ పున్నమి పొద్దున బ్యారన్ ముందు ఊరంతా చేరింది. రెండు నెలలుగా తలుపులు మూసుకున్న వాళ్లందరూ తలంటు పోసుకుని వచ్చారు. అంకారావు గారు ఒక కంబళి తెచ్చి భిక్షువు ముందు పెట్టి, పది నిమిషాలు ప్రసంగించాడు. ఈ తొంభై రోజులూ వేములగరువు పెట్టిన అన్నం చరిత్రలో నిలిచిపోతుందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భిక్షువు ఊరుకున్నాడు.

ఎలీసమ్మ దూరంగా, కంచె అవతల నిలబడింది. మల్లేశ్వరి అటు చూసి, "ఎలీసమ్మా, ఇట్రా. ఈ కొస పట్టుకో" అంది. చప్పట్లు ఆగిపోయాయి. ఎలీసమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చి తానుకి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి మొదటి బట్ట భిక్షువు చేతుల్లో పెట్టారు. అంకారావు గారు మబ్బులకేసి చూశాడు.

అప్పుడు మల్లేశ్వరి రెండో తాను తీసి రోశయ్య ముందుకి వెళ్లింది. ఏడవకూడదని పళ్లు బిగబట్టింది.

"ఇదుగోండి. నేను ఆపడంలా. తరవాత నన్ననొద్దు."

రోశయ్య తల వంచుకునే ఉన్నాడు. బట్టకి చెయ్యి చాపాడు. సగంలో ఆగిపోయాడు. ఎంతసేపటికీ పట్టుకోడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

"ఎడమచేతి బొటనవేలు" అన్నాడు చివరికి. రెండు నెలలుగా వాడని గొంతు బొంగురుపోయింది. "ఆ మచ్చ. గిన్నె పట్టుకున్నప్పుడల్లా కనపడేది. తల ఎత్తకూడదుగా, రోజూ నీ చేతులే చూశాను. ఆ దెబ్బ ఎప్పుడు తగిలింది?"

మల్లేశ్వరి తన వేలుకేసి చూసుకుంది. "మన పెళ్లయిన యేడు. మీ ఇంట్లో ఆవకాయకి ముక్కలు కొడుతుంటే కత్తి జారింది."

"ఇరవై రెండేళ్లయిందా?"

"అయింది."

"నేనెక్కడున్నాను?"

"పక్కనే ఉన్నారు. ముక్కలు పెద్దవయ్యాయని అరుస్తున్నారు."

రోశయ్య చాపిన చేతులు దించేశాడు. బట్ట ఆమె చేతుల్లోనే ఉండిపోయింది. ఊరంతా వింటూండగా, ఆ ఊళ్లో ఏ మొగుడూ ఏ పెళ్లాన్నీ అడగని మాట అడిగాడు.

"మల్లేశ్వరీ, నేను ఇంటికి రానా?"

ఇరవై రెండేళ్లుగా పెట్టమన్నాడు, తెమ్మన్నాడు, పొమ్మన్నాడు, ఉండమన్నాడు. అడగడం ఇదే మొదలు. మల్లేశ్వరికి చెప్పాల్సిన మాటలు ఒకేసారి బోలెడు గొంతుకి అడ్డం పడ్డాయి. ఆమె మాట్లాడలేదు. రెండో తాను మడిచి ఎలీసమ్మ భుజం మీద వేసి, ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

రోశయ్య బిక్కమొహం వేసి భిక్షువుకేసి తిరిగాడు. "ఏమీ చెప్పకుండా పోయింది స్వామీ. మౌనం అర్ధాంగీకారం అంటారు. సగమేగా ఒప్పుకున్నట్టు?"

"మీ లెక్కలో సగం" అన్నాడు శోభిత భిక్షువు. "మా లెక్కలో పూర్తి. పరిగెత్తు."

వెనకాల తడి మట్టిలో అడుగుల చప్పుడు దగ్గరికి వస్తుంటే మల్లేశ్వరి వినపడనట్టే నడిచింది. కాకపోతే కొంచెం నెమ్మదిగా నడిచింది.